ఫారిన్ ఇంటర్న్‌షిప్‌లో మార్కెటింగ్ నిజంగా నేర్పిస్తారా? కౌలాలంపూర్ నుంచి నాంపల్లి నుమాయిష్ దాకా నా అనుభవం

ఇవాళ రూమ్‌లో కూర్చుని మాట్లాడట్లేదు. అబిడ్స్ జీపీఓ దగ్గర ఉన్నా. ఆదివారం పొద్దున కదా, నా వెనకాల కనిపిస్తున్నది ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజార్. ఇక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్ మీదుగా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దాకా నడుచుకుంటూ మాట్లాడుకుందాం. ఎందుకు ఈ రూట్ అంటే, చివరికి వచ్చేసరికి మీకే అర్థమైతది.

ఈ మధ్య ఇన్‌బాక్స్‌లో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, నేను బీటెక్ థర్డ్ ఇయర్. మార్కెటింగ్ అంటే ఇంట్రెస్ట్. ఒక ఏజెంట్ ఫారిన్‌లో మార్కెటింగ్ ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తా అంటున్నాడు, లక్షన్నర అడుగుతున్నాడు. వెళ్లొచ్చా?" ఒక తమ్ముడైతే ఇంట్లో అమ్మ గాజులు కుదువ పెట్టడానికి రెడీ అయిందని రాశాడు. అది చదివినప్పటి నుంచి ఈ ఎపిసోడ్ చేయాలని ఉంది.

నేను 2018లో అలాంటి ఇంటర్న్‌షిప్‌కే వెళ్లొచ్చా. మలేషియా, కౌలాలంపూర్, ఎనిమిది వారాలు. కాబట్టి వెళ్లకండి అని చెప్పను, తప్పకుండా వెళ్లండి అని కూడా చెప్పను. అక్కడ నేను ఏం నేర్చుకున్నా, అది ఇక్కడ ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ నేను బోల్తా పడ్డా, అన్నీ చెప్తా. లెక్క మీరే వేసుకోండి.

ముందు ఈ ఏరియా పేరు సంగతి

అబిడ్స్ అనేది అసలు ఒక దుకాణం వల్ల వచ్చిన పేరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆల్బర్ట్ అబిడ్ అని ఒకాయన ఉండేవాడు. ఆర్మేనియా మూలాలున్న మనిషి అంటారు. నిజాం బట్టలు, వాడుకునే వస్తువులు చూసుకునే పని ఆయనది. 1891లో పేరుమోసిన జేకబ్ వజ్రం బేరంలో మధ్యవర్తి కూడా ఈయనే. ఆయన ఈ ప్రాంతంలో ఒక షాప్ పెట్టాడు. షాప్ పోయింది, మనిషి పోయాడు, పేరు మాత్రం ఏరియాకి అతుక్కుపోయింది.

ఈ కథ ఇంటర్న్‌షిప్‌కి వెళ్లకముందు కూడా నాకు తెలుసు. కానీ అప్పుడు జీకే ప్రశ్నలాగే తెలుసు. ఇప్పుడు ఆలోచిస్తే వేరేది కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చిన మనిషి ఇక్కడ పనిచేశాడు. తన కస్టమర్ ఏం కట్టుకుంటాడు, ఏది నచ్చుతుంది, ఏది పక్కన పడేస్తాడు అనేది రోజూ దగ్గరుండి చూశాడు. ఆ చూపు షాప్ నడపడానికి పనికి రాకుండా ఉంటుందా? కస్టమర్ పక్కన నిలబడి గమనించడం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

వెళ్లేముందు నాకు తెలిసిన మార్కెటింగ్

ఇదే ఫుట్‌పాత్ మీద, 2018 మార్చిలో, ఫిలిప్ కోట్లర్ పుస్తకం పాత ఎడిషన్ ఒకటి 120 రూపాయలకు కొన్నా. అందులో నాలుగు పీలు ఉంటాయి కదా: ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. వీటిని 1960లో మెకార్తీ అనే ప్రొఫెసర్ ఈ రూపంలో పెట్టాడు. కోట్లర్ పుస్తకంతో ప్రపంచమంతా పాకాయి. నేను బట్టీ కొట్టేశా. ఇంకేముంది, మార్కెటింగ్ వచ్చేసింది అనుకున్నా.

ఆ పుస్తకం నాకు అమ్మిన భాయ్ ఏం చేశాడో మాత్రం గమనించలేదు. నేను ఇంజనీరింగ్ పుస్తకాల దగ్గర వంగగానే "ఏ ఇయర్?" అని అడిగాడు. థర్డ్ ఇయర్ అన్నా. వెంటనే గేట్, క్యాట్ గైడ్లు తీసి ముందు పెట్టాడు. థర్డ్ ఇయర్ వాడికి తర్వాత ఏంటి అనే భయం ఉంటుందని ఆయనకు తెలుసు. నాలుగు పీలు చదవలేదు ఆయన. ఒక్క ప్రశ్న అడిగాడు, అంతే.

ఏజెంట్ కథ

ఆ ఇంటర్న్‌షిప్ ఒక ఏజెంట్ ద్వారా దొరికింది. పేరు చెప్పను. 45 వేలు కట్టాం. మా నాన్న అబిడ్స్‌లో ఒక బట్టల షాప్‌లో లెక్కలు రాస్తారు, ఆ 45 వేలు చిట్టీ పాడి తెచ్చినవి. నాకు చెప్పింది సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ అని. టికెట్ బుక్ చేసే టైమ్‌లో ఏజెంట్ చల్లగా ఒక మాట అన్నాడు: "టూరిస్ట్ వీసా మీద వెళ్లిపో, అక్కడ చూసుకుంటారు."

అదృష్టం కొద్దీ మా అక్క అడ్డం పడింది. కంపెనీకి డైరెక్ట్‌గా మెయిల్ పెట్టమంది. పెడితే వాళ్లు చెప్పారు: మలేషియాలో బయటి దేశం స్టూడెంట్ ట్రైనింగ్ తీసుకోవాలంటే ప్రొఫెషనల్ విజిట్ పాస్ ఉండాలి, టూరిస్ట్‌గా వచ్చి ఆఫీసులో కూర్చోవడం కుదరదు. ఆ పాస్‌కి కంపెనీనే అప్లై చేసింది. మూడు వారాలు లేట్ అయింది, టికెట్ రేటు పెరిగింది. కానీ అక్క మాట వినకపోయి ఉంటే నా కథ ఎయిర్‌పోర్ట్‌లోనే అయిపోయేది.

ఫస్ట్ డే ఇంకో షాక్. కంపెనీలో ఎనిమిది మందే. చిన్న షాపులకు బిల్లింగ్ యాప్ చేస్తారు. కోడింగ్ చేసేవాళ్లు సరిపడా ఉన్నారు. నన్ను పిలిచింది షాపుల చుట్టూ తిరిగి యాప్ అమ్మడానికి! ఆ రాత్రి హాస్టల్ గదిలో ఇంటికి ఫోన్ చేసి "అంతా బాగుంది నాన్నా" అని అబద్ధం చెప్పా.

అరవై ఒక్క షాపులు, రెండు డెమోలు

నాకు ఇచ్చిన ఏరియా మస్జిద్ ఇండియా వీధి. మస్జిద్ జమెక్ రైల్వే స్టేషన్ దిగి నడిస్తే వస్తుంది. మన అబిడ్స్, సుల్తాన్ బజార్ కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చీరలు, స్కార్ఫులు, టోపీలు, అత్తర్లు. ఒక షాపులో మలయ్, పక్క షాపులో తమిళం, ఎదురు షాపులో చైనీస్. నేను వెళ్లింది రంజాన్ నెలలో. సాయంత్రమైతే రోడ్డు మీద తిండి బజార్. హలీం టైమ్‌లో నాంపల్లి గుర్తొచ్చి ఏడుపొచ్చేది.

మొదటి వారం 61 షాపులు తిరిగా. డెమో చూస్తామన్నది రెండు. నా దగ్గర ఇంగ్లిష్ బ్రోచర్, దాని మీద క్లౌడ్, ఇన్వెంటరీ, అనలిటిక్స్ లాంటి పెద్ద పెద్ద మాటలు. వాళ్లు మర్యాదగా తీసుకుని కౌంటర్ కింద పడేసేవాళ్లు.

శుక్రవారం మా మేనేజర్ నన్ను కూర్చోబెట్టింది. తిట్టలేదు. ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చి పేజీకి మూడు గళ్లు గీయించింది. మొదటి గడిలో షాప్ ఓనర్ ఏం అడిగాడు. రెండో గడిలో అదే ప్రశ్న ఆయన వాడిన మాటల్లో, మనం మార్చకుండా. మూడో గడిలో నేను ఏం జవాబు చెప్పా. "వచ్చే వారం అమ్మకు. ఊరికే ఇది నింపుకుని రా" అంది.

ఈ మూడు గళ్ల నోట్‌బుక్కే నేను ఆ ఎనిమిది వారాల్లో నేర్చుకున్న అసలు విద్య. మిగతావన్నీ యూట్యూబ్‌లో దొరుకుతాయి.

"కోసోంగ్" అనే ఒక్క మాట

ఇప్పుడు టైమింగ్ చూడండి. 2018 మే 9న మలేషియాలో ఎన్నికలు జరిగి గవర్నమెంట్ మారింది. కొత్త గవర్నమెంట్ జీఎస్టీని జూన్ 1 నుంచి 6 శాతం నుంచి సున్నాకి దించుతామని ప్రకటించింది. నేను వీధిలో తిరుగుతున్నది సరిగ్గా ఆ మధ్యలో! పైగా పండగ జూన్ 15న. సీజన్ పీక్‌లో బిల్లింగ్ మారాలి.

నోట్‌బుక్ నింపుతుంటే నాలుగో రోజుకి ఒక విషయం తెలిసింది. రెండో గడిలో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. యాప్ రేటెంత అని కాదు. క్లౌడ్ అంటే ఏంటి అని కాదు. "బాస్, జీఎస్టీ కోసోంగ్ అయితే మెషీన్‌లో ఏం నొక్కాలి?"

అక్కడ అందరినీ బాస్ అనే పిలుస్తారు, మన హైదరాబాద్‌లో భాయ్ అన్నట్టు. కోసోంగ్ అంటే ఖాళీ, సున్నా. టీ కొట్టులో చక్కెర లేని టీ కావాలంటే కూడా కోసోంగ్ అనే అంటారు. గవర్నమెంట్ కాగితాల్లో సున్నాకి వేరే మాట ఉంది. మా బ్రోచర్‌లో ఇంకా కష్టమైన ఇంగ్లిష్ మాట ఉంది. షాపులో మాత్రం కోసోంగ్.

ఆ ప్రశ్న వినగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఏడాది ముందు, 2017 జులై 1న మన దగ్గర జీఎస్టీ వచ్చింది కదా. ఆ వారం అబిడ్స్ షాపుల్లో లెక్కలు రాసేవాళ్లు ఇంటికి ఏ రాత్రికి చేరారో చెప్పలేం. పాత స్టాక్‌కి ఏ రేటు, బిల్లు మీద ఏం ప్రింట్ అవ్వాలి, తప్పు ప్రింట్ అయితే ఎవరు బాధ్యులు? మా నాన్న అన్నం ముందు పెట్టుకుని కూడా అదే గొణుక్కునేవారు. అంటే ఈ మస్జిద్ ఇండియా ఓనర్ భయం నాకు తెలిసిన భయమే. భాష వేరు, అంతే.

మేనేజర్‌తో మాట్లాడి బ్రోచర్ పక్కన పెట్టేశాం. ఒక్క పేజీ కాగితం తయారు చేశాం. పైన పెద్ద అక్షరాల్లో "జీఎస్టీ 6 నుంచి కోసోంగ్: మూడు నిమిషాల పని". కింద మామూలుగా ఆ వీధిలో వాడే బిల్లింగ్ మెషీన్లలో ట్యాక్స్ ఎక్కడ మార్చాలో బొమ్మలతో వేశాం. మా యాప్‌లోనే కాదు, పోటీ కంపెనీల వాటిలో కూడా! అడుగున ఒక ముఖ్యమైన లైన్ పెట్టాం: రేటు సున్నా అయినంత మాత్రాన జీఎస్టీ చట్టం అప్పుడే పోలేదు, రిజిస్టర్ అయిన షాప్ బిల్లు మీద ట్యాక్స్ సున్నా అని చూపిస్తూనే ఉండాలి. మలయ్, తమిళం, చైనీస్ మూడింట్లో వేశాం. మా ఫోన్ నంబర్ చివర్లో చిన్నగా.

తర్వాత రెండు వారాల్లో 40 షాపులకు ఆ కాగితం ఇచ్చా. డెమో కావాలని వాళ్లే ఫోన్ చేసినవి 11. డబ్బు కట్టినవి నాలుగు. నాలుగేనా అంటారేమో. ముందు వారం సున్నా. అదీ కోసోంగే!

టెక్స్ట్‌బుక్‌లో దీన్ని కంటెంట్ మార్కెటింగ్ అంటారు. నాకు అర్థమైంది మాత్రం ఇంతే. కస్టమర్‌కి ఇవాళ ఉన్న ప్రశ్నకి, ఆయన మాటల్లోనే, అమ్మకం గురించి ఆలోచించకుండా జవాబు చెప్పాలి. అప్పుడు ఆయన మన నంబర్ పారేయడు.

నేను బోల్తా పడ్డ చోటు

ఇక్కడ ఊపు ఎక్కువైంది. ఒక టెక్స్‌టైల్ షాప్ ఓనర్ "గజాల్లో కొలిచే బట్టకి కూడా మీ యాప్‌లో బిల్లు వస్తుందా?" అని అడిగాడు. రాదు. కానీ "వచ్చే వారం వస్తుంది బాస్" అనేశా. నేనే కోడ్ రాసేస్తా అనుకున్నా. ఆ చిన్న మార్పుకి స్టాక్ లెక్క మొత్తం మార్చాల్సి వస్తుందని డెవలపర్ చూపించాక నోట మాట రాలేదు. వారం తర్వాత ఓనర్ దగ్గరికి వెళ్లి రాదని చెప్పాల్సి వచ్చింది. ఆయన కోప్పడలేదు. "సుదా మాకన్?" అన్నాడు. తిన్నావా అని. తర్వాత మాత్రం మా కాగితం కూడా తీసుకోలేదు.

బీటెక్ వాళ్లకి మార్కెటింగ్‌లో ఒక అడ్వాంటేజ్ ఉంది. ఏది చేయగలం, ఏది చేయలేం అనేది మనకి తెలుసుకునే వీలుంది. దాన్ని వాడకుండా నోటికొచ్చిన మాట ఇస్తే ఆ అడ్వాంటేజ్ వేస్ట్.

ఇంజనీరింగ్ చేసి మార్కెటింగ్ ఏంటి అని ఇంట్లో అంటే రాజా రాజమన్నార్ పేరు చెప్పండి. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, బెంగళూరు ఐఐఎంలో ఎంబీఏ చేసి, మాస్టర్‌కార్డ్‌లో మార్కెటింగ్ హెడ్ అయ్యారు. 2019లో ఆ కంపెనీ లోగో మీద పేరు తీసేసి ఎరుపు, పసుపు గుండ్రాలు మాత్రమే ఉంచింది ఆయన హయాంలోనే.

ఇప్పుడు నాంపల్లి

సరే, మాటల్లో మొజంజాహీ మార్కెట్ దాటేశాం. ఈ ఎడమ పక్క కనిపిస్తున్నవి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గేట్లు. ఇప్పుడు ఖాళీగా ఉంది. జనవరి 1 వస్తే ఇక్కడ అడుగు పెట్టే సందు ఉండదు.

నుమాయిష్ ఎలా మొదలైందో చాలామందికి తెలీదు. 1938లో కొంతమంది ఉస్మానియా గ్రాడ్యుయేట్లు హైదరాబాద్ రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. డబ్బుల్లేవు. ఇక్కడే తయారయ్యే సరుకులతో ఒక ప్రదర్శన పెడితే ఫండ్స్ వస్తాయని ఆలోచించారు. పబ్లిక్ గార్డెన్స్‌లో, దాదాపు 50 స్టాళ్లతో, పది రోజులు జరిగింది. పెట్టుబడి రెండున్నర రూపాయలు అని చెప్పుకుంటారు. 1946లో ఈ గ్రౌండ్‌కి మారింది. ఆ కుర్రాళ్ల వయసు చూస్తే మన వయసే. సర్వే చేద్దామని బయల్దేరి, సరుకుకీ జనానికీ మధ్య దారి వేశారు.

మా చిన్నాయన, చిన్నమ్మ ఈ నుమాయిష్‌లో చాలా ఏళ్లు స్టాల్ పెట్టారు. పోచంపల్లి బెడ్‌షీట్లు, డ్రెస్ మెటీరియల్. అబిడ్స్‌లో ఒక సందులో చిన్న షాప్ ఉంది కానీ ఏడాది సంపాదనలో సగం ఈ నెలన్నరలోనే రావాలి. 2019 జనవరిలో, ఫైనల్ ఇయర్‌లో ఉండగా, సాయంత్రాలు నేను స్టాల్‌లో కూర్చున్నా. కొత్తగా మెట్రో వచ్చిన ఏడాది. గాంధీ భవన్ స్టేషన్ దిగి జనం నేరుగా గేట్ దగ్గరికి వచ్చేవాళ్లు.

నేను మళ్లీ మూడు గళ్లు గీశా. చిన్నమ్మ నవ్వింది. "పరీక్ష రాస్తున్నవా బిడ్డా?" అని. మేం డిజైన్ల గురించి, ఇక్కత్ నేత గురించి గొప్పగా చెప్పేవాళ్లం. నోట్‌బుక్‌లో రెండో గడి చూస్తే ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న వేరే ఉంది: "ఉతికితే రంగు పోతదా?"

చిన్నమ్మ ఇంట్లో వాడుతున్న ఒక షీట్ తెచ్చింది. కనీసం ఇరవై సార్లు ఉతికింది. దాన్ని కొత్త షీట్ పక్కన వేలాడదీసి "ఇది మా ఇంట్లోది, ముట్టుకుని చూడండి" అని అట్ట ముక్క మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లో రాశాం. పాత షీట్ కాస్త వెలిసింది. దాచలేదు. "ఇంత వెలుస్తది, ఇంకా ఎక్కువ వెలవదు" అని చిన్నమ్మే చెప్పేది. ఆ పాత షీట్ ముందే జనం ఆగేవాళ్లు.

రెండో పని, నంబర్లు. వాట్సాప్ బిజినెస్ యాప్ అప్పటికి వచ్చి ఏడాదే. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో 256 మందే పడతారు. ఇంకో కండిషన్, మన నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. చాలామంది ఇది తెలీక నంబర్లు మాత్రం పోగేస్తారు. మేం బిల్లు ఇచ్చేటప్పుడు అడిగేవాళ్లం: "కొత్త స్టాక్ వస్తే చెప్పాలా? అయితే మా నంబర్ సేవ్ చేసుకుని ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి." వద్దన్నవాళ్లని మళ్లీ అడగలేదు. నెలాఖరుకి 312 మంది అయ్యారు. రెండు లిస్టులు.

జనవరి 30

2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు లేచాయి. మీలో చాలామంది ఫోన్లలో వీడియోలు చూసే ఉంటారు. ప్రాణ నష్టం జరగలేదు, అదొక్కటే ఊరట. వందల స్టాళ్లు కాలిపోయాయి. మాది కూడా.

చిన్నమ్మ చేతిలో పర్సు, ఫోన్, అంతే. నోట్‌బుక్ లోపలే ఉండిపోయింది, ఆ పాత షీట్ కూడా. గేట్ బయట, రోడ్డు పక్కన, చిన్నాయన ఒక్క మాట కూడా మాట్లాడకుండా నిలబడ్డారు. అప్పు తెచ్చి కొన్న సరుకు అది.

మర్నాడు పొద్దున నేను పెద్ద తెలివి చూపించా. లిస్ట్ ఉంది కదా, జనానికి మెసేజ్ పెడదాం అన్నా. రాసి చూపించా: మా స్టాల్ కాలిపోయింది, మేం రోడ్డున పడ్డాం, దయచేసి మా అబిడ్స్ షాపులో కొనండి అని. ఫొటో కూడా జతచేశా. బాగా పనిచేస్తుందని నాకు తెలుసు.

చిన్నమ్మ చదివి ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టింది. "ఏడుపు అమ్మొద్దు బిడ్డా. ముందు అడ్వాన్స్ ఇచ్చినోళ్ల సంగతి చెప్పు. వాళ్లకు రాత్రి నిద్ర పట్టి ఉండదు."

నాకు తలకెక్కలేదు మొదట. తర్వాత అర్థమైంది. పెళ్లిళ్లకి, కొత్త ఇళ్లకి ఆర్డర్ పెట్టి 19 మంది అడ్వాన్స్ ఇచ్చి ఉన్నారు. మంటల వీడియో చూసిన ఆ 19 మంది మనసులో ఆ పొద్దున ఉన్న ప్రశ్న ఒకటే: నా డబ్బులు పోయాయా? కౌలాలంపూర్‌లో మేనేజర్ నేర్పింది ఇదే. మూడు గళ్లు గీసిన నేనే మర్చిపోయా. నోట్‌బుక్ ఎన్నడూ ముట్టని చిన్నమ్మకి గుర్తుంది.

చివరికి వెళ్లిన మెసేజ్ ఇది: "మేము క్షేమం. స్టాల్‌లో సరుకు పోయింది. మీరు ఇచ్చిన అడ్వాన్స్ పోలేదు. డబ్బు వెనక్కి కావాలంటే ఇవాళే ఇస్తాం. ఆర్డర్ కావాలంటే నెల రోజులు టైమ్ ఇవ్వండి. అబిడ్స్ షాప్ తెరిచే ఉంది." ఫొటో లేదు.

ముగ్గురు డబ్బు వెనక్కి తీసుకున్నారు. చిన్నాయన అప్పు చేసి ఇచ్చారు. పదహారు మంది ఆగారు. లిస్ట్‌లో ఉన్న మిగతావాళ్లలో కొంతమంది ఆ వారమే సందులో ఉన్న ఆ షాప్ వెతుక్కుంటూ వచ్చారు. అలాగని నష్టమంతా తీరిపోలేదు, సినిమా కాదు కదా. అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది. షాప్ మాత్రం మూతపడలేదు. ఆ 312 నంబర్లలో చాలా వరకు ఇప్పటికీ కస్టమర్లే.

మరి మీరు వెళ్లాలా వద్దా?

నా 45 వేలకి ఏం వచ్చింది అంటే, మూడు గళ్లు వచ్చాయి. తెలియని ఊళ్లో మనకి తెలుసు అనే పొగరు దిగిపోతుంది, కాబట్టి అడగడం అలవాటవుతుంది. ఫారిన్ ఇంటర్న్‌షిప్‌తో నాకు వచ్చిన నిజమైన లాభం అది. సర్టిఫికెట్‌ని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. తర్వాత మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినప్పుడూ, అది మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టినప్పుడూ పనికొచ్చింది ఆ అలవాటే.

వెళ్లాలనుకుంటే డబ్బు కట్టేముందు ఈ నాలుగు చూసుకోండి.

ఒకటి, కంపెనీతో నేరుగా మాట్లాడండి. రోజూ ఏం పని, ఎవరి కింద పని, మొదటి నెలలో ఏం నేర్పిస్తారు, ఇవి రాతపూర్వకంగా అడగండి. అమెరికా జే-1 ఇంటర్న్ వీసాకి అయితే ట్రైనింగ్ ప్లాన్ ఫారం తప్పనిసరి, దాని నంబర్ డీఎస్-7002. కాలేజీలో చదువుతున్నవాళ్లు, లేదా డిగ్రీ అయ్యి 12 నెలలు దాటనివాళ్లు అర్హులు. గరిష్ఠంగా 12 నెలలు. మిగతా దేశాలకి అలాంటి ఫారం లేకపోయినా, అదే ప్లాన్ మీరు అడిగి తీసుకోండి. ఇవ్వనన్న కంపెనీకి వెళ్లొద్దు.

రెండు, టూరిస్ట్ వీసా మీద ఇంటర్న్‌షిప్ అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఆ దేశం రూల్ ఏంటో ఆ దేశం ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లోనే చదవండి, ఏజెంట్ వాట్సాప్‌లో కాదు.

మూడు, ఇంటర్న్‌షిప్ అని పేరు పెట్టి ఉద్యోగానికి పంపేవాళ్లు ఉంటారు. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెంట్ 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడొచ్చు. సర్వీస్ ఛార్జి 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకన్నా ఎక్కువ తీసుకోకూడదు. తెలంగాణలో గవర్నమెంట్ సంస్థ టామ్‌కామ్ ఉంది, ఆఫీస్ మల్లేపల్లి ఐటీఐ క్యాంపస్‌లో. నాంపల్లి నుంచి ఆటోలో వెళ్లేంత దూరం. విదేశీ ఉద్యోగమే మీ టార్గెట్ అయితే ఏజెంట్ కన్నా ముందు అక్కడ అడగండి.

నాలుగు, ఇది అన్నిటికన్నా ముఖ్యం. వెళ్లేముందు నెల రోజులు ఇక్కడే ఒక షాప్‌లో కూర్చోండి. మామయ్య కిరాణా షాపైనా సరే, జగదీశ్ మార్కెట్‌లో ఫ్రెండ్ వాళ్ల మొబైల్ కౌంటర్ అయినా సరే. మూడు గళ్లు గీయండి. రోజుకి పది ప్రశ్నలు, కస్టమర్ మాటల్లోనే. నెల తర్వాత మీ దగ్గర మూడు వందల ప్రశ్నలు ఉంటాయి. ఆ నోట్‌బుక్ నింపడం మీకు బోర్ కొడితే, లక్షన్నర పెట్టి ఎక్కడికి వెళ్లినా అదే బోర్ కొడుతుంది. నచ్చితే, ఆ నోట్‌బుక్ పేజీలు నాలుగు స్కాన్ చేసి కంపెనీలకి మెయిల్ పెట్టండి. ఏజెంట్ అవసరం లేకుండానే జవాబు రావొచ్చు.

అమ్మ గాజుల గురించి రాసిన తమ్ముడూ, నీకే చెప్తున్నా. ఆ గాజులు ఇంకో నెల అమ్మ చేతికే ఉండనీ. ముందు నోట్‌బుక్ కొను, నలభై రూపాయలు. నెల తర్వాత నాకు పేజీల ఫొటో పంపు. అప్పుడు వెళ్లాలా వద్దా అని కూర్చుని మాట్లాడుకుందాం.

ఇంకెవరైనా నింపినా పంపండి, వచ్చే నెల వాటి మీదే ఒక ఎపిసోడ్ చేద్దాం. అప్పటిదాకా ఉంటా మరి. ఇక్కడ సుభాన్ బేకరీ దగ్గరే, ఉస్మానియా బిస్కెట్ తిని ఇంటికి పోతా. బై.